వేరు దాటిన ఇనుము గింజకెందుకు చేరదు

తెలుగు నేలల్లో ఇనుముకు కొదవ లేదు. ఎర్రనేలల ఎరుపు ఇనుప ఆక్సైడ్ల వల్ల వచ్చినదే. మామూలు సాగునేలలో నూరు గ్రాముల మట్టి తీసుకుంటే అందులో ఒకటి నుంచి ఐదు గ్రాముల దాకా ఇనుము ఉండడం సాధారణం. అటువంటి మట్టిలో పండిన ధాన్యాన్ని మరపట్టించి, తెల్లబియ్యంగా చేసి, నూరు గ్రాములు తూచి పరీక్షిస్తే దొరికే ఇనుము సుమారు 0.65 మిల్లీగ్రాములు, జింకు సుమారు 1.2 మిల్లీగ్రాములు మాత్రమేనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పట్టికలు చెబుతున్నాయి. వయసు వచ్చిన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము, 13 మిల్లీగ్రాముల పైచిలుకు జింకు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించింది గనుక, రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకుని తిన్నా ఆ అన్నం నుంచి అందే ఇనుము రెండు మిల్లీగ్రాములకు మించదు. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చడం వెనుక అనేక కారణాలున్నప్పటికీ, మట్టిలో గ్రాముల లెక్కన ఉన్న లోహం ముద్దలోకి వచ్చేసరికి మిల్లీగ్రాములో భాగంగా ఎందుకు మిగులుతున్నదనే ప్రశ్నను పక్కన పెట్టడానికి వీల్లేదు. దానికి జవాబు చాలావరకు మొక్క లోపలే దొరుకుతుంది.

నత్రజని, భాస్వరం, పొటాష్ వంటివి పైరుకు ఎకరాకు కిలోల లెక్కన కావాలి. ఇనుము, మాంగనీసు, జింకు, రాగి, బోరాన్, మాలిబ్డినం వంటివి గ్రాముల లెక్కన చాలు. అందుకే వీటిని సూక్ష్మపోషకాలు అంటారు. ఎండబెట్టిన మొక్క కిలో బరువులో ఇనుము సుమారు 100 మిల్లీగ్రాములు, జింకు 20, రాగి 6 మిల్లీగ్రాములుంటే పైరుకు సరిపోతుంది. అయితే ఈ కొద్దిపాటి లోహం లేనిదే ఆకులో పత్రహరితం తయారుకాదు, కిరణజన్య సంయోగక్రియలో నీరు విడిపోదు, వందలాది ఎంజైములు పనిచేయవు. అవే లోహాలు కణంలో విడిగా, అదుపు లేకుండా తిరిగితే ఆక్సిజన్‌తో చర్య జరిపి కణాన్నే కాల్చివేసే పదార్థాలను పుట్టిస్తాయి. ముఖ్యంగా ఇనుము ఈ విషయంలో ప్రమాదకరమైనది. ఈ కారణంగానే మొక్క తన శరీరంలో అడుగడుగునా ద్వారాలు పెట్టుకుని, ప్రతి లోహానికీ ఒక తోడు పదార్థాన్ని జతచేసి, ఎక్కడికి ఎంత వెళ్లాలో నిర్ణయిస్తూ ఉంటుంది. గింజకు చేరే ఇనుము ఎంతన్నది ఆ నిర్ణయాల పర్యవసానం.

ధాన్యపు పైరులన్నింటిలోనూ వరి పరిస్థితి ప్రత్యేకమైనది. దమ్ము చేసి నీరు నిలగట్టాక కొద్ది రోజుల్లోనే మట్టిలోని సూక్ష్మజీవులు అక్కడి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. ఆ తరువాత వాటిలో కొన్ని శ్వాసక్రియకు ఆక్సిజన్ బదులు ఇనుమునే ఆశ్రయించడంతో, నీటిలో దాదాపుగా కరగని ఫెర్రిక్ ఇనుము తేలికగా కరిగే ఫెర్రస్ ఇనుముగా మారుతుంది. మాగాణి మడిలో వరికి ఇనుము వెతుక్కునే బాధ ఇలా తప్పిపోతుంది, కొన్ని నేలల్లోనైతే అది మితిమీరి ఆకులు కంచు రంగుకు తిరుగుతాయి కూడా. ముదిరిన వరి దుబ్బును పీకి వేళ్లు కడిగి చూసినవారికి పాత వేళ్లంతా తుప్పు పూసినట్లు ఎర్రగోధుమ రంగులోనూ, కొసలూ కొత్త పిల్లవేళ్లూ తెల్లగానూ కనిపించడం తెలిసిన సంగతే. ఆ పూత నిజంగా తుప్పే: ఆకుల నుంచి కాడలోని గాలి గదుల గుండా దిగిన ఆక్సిజన్ వేరు నుంచి బయటికి ఊరుతూ, చుట్టూ కరిగి ఉన్న ఇనుమును వేరు పైనే తిరిగి తుప్పుగా పేరబెడుతుంది. ఇనుమును కరిగించి ఇచ్చే అదే నిలవనీరు జింకును మాత్రం సల్ఫైడు రూపంలోనూ కార్బొనేటు రూపంలోనూ బంధించి, వేరుకు అందకుండా చేస్తుంది. ఒకే మడిలో ఒకే నీటివల్ల ఒక లోహం పొంగి, మరొకటి అణిగిపోవడం వరి సాగులోని అసలైన చిక్కు.

ఆ చిక్కు పైరు మీద ఎలా కనిపిస్తుందో రైతులకు చెప్పనక్కరలేదు. నాటిన రెండు నుంచి ఆరు వారాల మధ్య ముదురాకుల మీద తుప్పు రంగు మచ్చలు లేచి, దుబ్బు పిలకలు వేయక గిడసబారి, ఆకు పెళుసెక్కి, వంచితే శబ్దం చేస్తూ విరిగిపోతుంది. ఉత్తర భారతంలోని తరాయి ప్రాంతంలో ఖైరా అని పిలిచే ఈ తెగులుకు క్రిమి ఏదీ కారణం కాదనీ, జింకు లోపమే మూలమనీ 1966లో పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త వై.ఎల్. నెనే నిరూపించారు, ఆయన తరువాతి కాలంలో పటాన్‌చెరువులోని ఇక్రిశాట్‌లో పనిచేసి తెలుగునాట స్థిరపడ్డారు. దేశంలో పరీక్షించిన మట్టి నమూనాల్లో మూడో వంతుకు పైగా జింకు లోపం ఉన్నట్లు ఆ తరువాత జరిగిన సర్వేలు చూపించాయి.

నీరు నిలవని మెట్ట నేలల్లో కథ తిరగబడుతుంది. అక్కడ ఇనుము ఫెర్రిక్ రూపంలో గట్టిగా ఉండిపోతుంది. ఉదజని సూచిక, అంటే మట్టి పరీక్ష కార్డులో పీహెచ్ అని ఉండే అంకె, ఒక్కటి పెరిగితే కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము వెయ్యింతలు తగ్గుతుంది. సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో టన్నుల కొద్దీ ఇనుము నడుమ నిలబడి కూడా మొక్క ఇనుము లేక పాలిపోతుంది. దీన్ని దాటడానికి మొక్కలు రెండు దారులు కనిపెట్టుకున్నాయి. వేరుశనగ, శనగ, టమాటా వంటివి వేరు చుట్టూ ఆమ్లాన్ని వదిలి, వేరు పైపొరలోనే ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చి లోపలికి తీసుకుంటాయి. గడ్డి కుటుంబానికి చెందిన ధాన్యపు పైరులు మరో ఉపాయం పన్నాయి: ఇనుమును పట్టి కరిగించే ఒక పదార్థాన్ని మట్టిలోకి స్రవించి, అది ఇనుమును చుట్టుకున్న తరువాత ఆ జంటను జంటగానే వెనక్కి లోపలికి లాక్కుంటాయి. జపాను శాస్త్రవేత్త సెయిచి తకాగి ఓట్సు, వరి వేళ్లను కడిగిన నీటిలో ఇటువంటి పదార్థాలున్నాయని 1976లో వెల్లడించారు. వీటిలో మొదట నిర్మాణం తెలిసిన దానికి, గోధుమ, బార్లీలను సూచించే ముగి అనే జపాను మాట మీదుగా, ముగినిక్ ఆమ్లం అని పేరు వచ్చింది. ఈ కుటుంబానికంతటికీ ఫైటోసిడరోఫోర్లు అన్నది శాస్త్రనామం; మొక్క తయారుచేసిన ఇనుప మోతగాళ్లు అని దాని అర్థం.

ఈ స్రావం రోజంతా ఒకే తీరుగా సాగదు. బార్లీ వేళ్లు పొద్దు పొడిచాక కొద్ది గంటల పాటు దాన్ని ఒక్కసారిగా కుమ్మరించి, తరువాత ఆపేస్తాయి. చుక్కచుక్కగా రోజంతా వదిలితే మట్టిలోని బ్యాక్టీరియా తినేసే పదార్థాన్ని, అవి తేరుకునేలోపు పనిచేసి తిరిగి వచ్చేంత మోతాదులో వదలడం ఇందులోని ఉపాయమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ జంటను లోపలికి అనుమతించే ద్వారం ఏదో మొక్కజొన్న చెప్పింది: ఆకుల మీద పసుపు చారలతో పుట్టే ఒక మొక్కజొన్న రకం 1929 నుంచే పరిశోధకులకు తెలిసి ఉండగా, దానిలో చెడిపోయిన జన్యువే ఆ ద్వారాన్ని నిర్మించే జన్యువని 2001లో బయటపడింది. ధాన్యపు పైరులలో బార్లీ ఈ స్రావాన్ని అత్యధికంగానూ, వరి చాలా తక్కువగానూ తయారుచేస్తాయి; నీటిలో పెరిగే వరి తన ఫెర్రస్ ద్వారాన్ని విడిచిపెట్టకుండా అట్టేపెట్టుకున్నది గనుక మాగాణిలో దానికి ఆ తక్కువే చాలుతుంది. అదే వరిని మెట్ట నారుమడిలో పోసినప్పుడు మాత్రం లేతాకులు పసుపుకు, ఆపైన తెలుపుకు తిరుగుతాయి.

వేరు లోపలికి వచ్చినంత మాత్రాన లోహం మొక్కది కాదు. వేరు నడిమి నాళాలను చుట్టి ఉన్న అంతశ్చర్మం అనే కణాల వరుసలో, కణానికీ కణానికీ నడుమ నీరు కూడా జారకుండా మైనం వంటి పదార్థంతోనూ లిగ్నిన్‌తోనూ బిగించిన పట్టీలుంటాయి; 1865లో వర్ణించిన జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాస్పరీ పేరు మీద వీటిని కాస్పేరియన్ పట్టీలంటారు. వరి వేరులో ఇటువంటి పట్టీల వలయాలు రెండున్నాయి. వీటిని దాటాలంటే ప్రతి లోహమూ ఏదో ఒక కణం లోపలి నుంచి, ఆ కణపు పొరలో అమర్చిన ప్రొటీను ద్వారం గుండానే వెళ్లాలి. మాంగనీసు విషయంలో కణానికి బయటి వైపున లోపలికి లాగే ద్వారం ఒకటి, లోపలి వైపున ముందుకు తోసే ద్వారం మరొకటి ఉన్నట్లు తేలింది. ద్వారపాలన ఎంత గట్టిదైనా పొరపాటు లేనిది కాదు: మాంగనీసు ద్వారం గుండానే విషలోహమైన కాడ్మియం కూడా వరిలోకి దూరుతుంది. జపానులోని జింజూ నది లోయలో గనుల కాలుష్యంతో కలిసిన కాడ్మియం బియ్యం ద్వారా జనానికి చేరి, ఎముకలు గుల్లబార్చి, ఇతాయ్ ఇతాయ్ అనే వ్యాధికి కారణమైంది. గింజలో పోషకాలు పెంచడానికి వేరు తలుపులు బార్లా తెరిస్తే చాలుననుకోవడం ఎందుకు ప్రమాదమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అంతశ్చర్మం దాటిన లోహం దారువులోకి, అంటే వేరు నుంచి ఆకులకు నీటిని మోసే నాళాల్లోకి చేరుతుంది. ఇక్కడ ఇనుము ఒంటరిగా ప్రయాణించదు. నిమ్మపులుపుకు మూలమైన సిట్రిక్ ఆమ్లం దాన్ని పట్టుకుని, కరిగిన స్థితిలోనే ఉంచుతూ పైకి తీసుకుపోతుంది. మెట్ట నారుమడిలో ఆకులు తెల్లబడ్డప్పుడు లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమని వ్యవసాయ అధికారులు చెబుతారు. అన్నభేది ఫెర్రస్ సల్ఫేటు. నిమ్మ ఉప్పు ఆ సిట్రిక్ ఆమ్లమే. డబ్బాలోని ఇనుము తుప్పుగా మారి అడుక్కి దిగకుండా రైతు కలిపేదీ, తన నాళాల్లో ఇనుము పేరుకోకుండా వరి వాడుకునేదీ ఒకే పదార్థం కావడం గమనించదగిన విషయం.

దారువులోని నీటిని పైకి లాగేది ఆకుల నుంచి ఆవిరయ్యే తేమ. కాబట్టి నీటితో పాటు పోయే ఖనిజాలు, ఎక్కువ తేమను ఆవిరి చేసే విశాలమైన ముదురాకులకే చేరాలి. పొట్ట దశలో ఆకు తొడుగుల మధ్య ముడుచుకుని ఉన్న వెన్నుకు, ఇంకా విప్పుకోని లేతాకుకు దాదాపుగా ఏమీ అందకూడదు. కానీ అవసరం అంతా వాటిదే. నీటి ప్రవాహానికి ఎదురు నిలిచి, ఖనిజాలను అవసరమున్న చోటికి మళ్లించే పని వరిలో ఎక్కడ జరుగుతుందో వివరించిన ఘనత జపానులోని ఒకాయామా విశ్వవిద్యాలయానికి చెందిన జియాన్ ఫెంగ్ మా, నవోకి యమాజి బృందానిది. వారు చూపించిన చోటు కణుపు.

ఎండుగడ్డి పోచను నిలువుగా చీల్చి చూస్తే కణుపుల మధ్య కాడ గొట్టంలా బోలుగా ఉండి, కణుపు దగ్గర మాత్రం నిండుగా, గట్టిగా ఉంటుంది. ఆ గట్టి ముడిలో నాళాలు ఇమిడిపోయి ఉండే తీరు చాలా సంక్లిష్టం. కింది నుంచి వచ్చి ఆ కణుపుకు చెందిన ఆకులోకి పోయే నాళాల కట్ట కణుపులో ఉబ్బి, మామూలు కంటే ఎన్నో రెట్లు లావవుతుంది. దాని చుట్టూ సన్నటి నాళాల కట్టలు కొత్తగా మొదలై పై కణుపుకు, చివరి కణుపులోనైతే నేరుగా వెన్నుకు పోతాయి. లావు కట్టకూ సన్న కట్టలకూ మధ్య సూటి కలయిక లేదు. రెంటి నడుమ కొన్ని వరుసల జీవకణాలు వంతెనలా నిలిచి ఉంటాయి, వాటిలో కొన్నింటి గోడలు లోపలికి మడతలు పడి, తక్కువ జాగాలో ఎక్కువ ద్వారాలకు చోటిస్తాయి. ఆకు వైపు పరుగెత్తుతున్న నీటి నుంచి జింకును జిప్3 అనే ప్రొటీను ఏరి బయటికి తీయగా, హెచ్‌ఎంఏ2 అనే మరో ప్రొటీను దాన్ని పోషక కణజాలంలోకి, అంటే ఆకులో తయారైన చక్కెరలను మోసే నాళాల్లోకి ఎక్కించి, లేత భాగాల వైపు సాగనంపుతుంది. ఈ జన్యువులు దెబ్బతిన్న వరి మొక్కల్లో జింకు ముదురాకులకే ఎక్కువగా పోయి, ఎదిగే భాగాలు పస్తుంటాయి.

మాంగనీసు విషయంలో కణుపు చూపే నేర్పు ఇంకా ఆశ్చర్యకరం. అది కొరతగా ఉన్నప్పుడు ఎన్‌ర్యాంప్3 అనే ప్రొటీను కణుపులో నిలిచి, దొరికినదంతా లేతాకులకూ వెన్నుకూ పంపుతుంది. మాంగనీసు మితిమీరినప్పుడు మొక్క ఆ ప్రొటీనును కొద్ది గంటల్లోనే ధ్వంసం చేసి, అదనపు లోహం ముదురాకుల్లోకి కొట్టుకుపోయేలా వదిలేస్తుంది. బిడ్డకు తిండి తక్కువైనప్పుడు వాటా పెట్టి, విషమయ్యేంత ఎక్కువైనప్పుడు అడ్డు నిలిచే ఈ ఏర్పాటులో మెదడు లేదు, నరాలు లేవు. ఉన్నది కాడ మీది చిన్న ముడి మాత్రమే.

పోషక కణజాలంలోని రసం క్షారగుణం కలది. అటువంటి చోట ఇనుము, జింకు విడిగా ఉంటే వెంటనే పేరుకుపోతాయి గనుక అక్కడ నికోటియానమిన్ అనే చిన్న అణువు వాటికి తోడు నిలుస్తుంది. ముగినిక్ ఆమ్లం తయారీకి ముడిసరుకు కూడా ఈ నికోటియానమినే. మట్టిలో ఇనుము తేవడానికి, ఒంట్లో దాన్ని నడపడానికి గడ్డి జాతి ఒకే మూల పదార్థాన్ని వాడుకుంటున్నది.

చివరి అవరోధం గింజ ముఖద్వారం దగ్గర ఉంది. వరి గింజ వీపు వెంబడి ఒకే ఒక్క నాళపు కట్ట నడుస్తుంది. అది తల్లి మొక్కదే. గింజలోని పిండంగానీ, మనం తినే పిండిపదార్థమున్న అంకురచ్ఛదంగానీ దానితో కణబంధం కలిగి ఉండవు. తల్లి కణాలు లోహాన్ని ఖాళీ జాగాలోకి విడిచిపెట్టాలి, బిడ్డ కణాలు దాన్ని తిరిగి ఏరుకోవాలి. అలా ఏరుకున్న ఇనుములో పెద్ద వాటా గింజ చుట్టూ పలుచగా ఉండే అల్యూరాన్ పొరలోనే, ఫైటిక్ ఆమ్లం అనే భాస్వర నిల్వతో ముడిపడి ఆగిపోతుంది. జింకు కొంత పిండంలోనూ, కొంత అంకురచ్ఛదం లోపలి దాకానూ వెళ్తుంది. మొలకెత్తే రోజున పిండానికి అందుబాటులో ఉండాల్సిన సరుకును పిండం పక్కనే దాచుకోవడం మొక్క దృష్టిలో సక్రమమైన పనే. మిల్లులో పాలిష్ పట్టేటప్పుడు ముడిబియ్యం బరువులో దాదాపు పదో వంతు తవుడుగా రాలిపోతుంది, ఆ తవుడే అల్యూరాన్ పొరా, పిండమూను. మట్టి నుంచి ఇన్ని ద్వారాలు దాటి వచ్చిన ఇనుము ఆ చివరి నిమిషంలో పశువుల దాణాలోకి పోతుంది. ముడిబియ్యంలో నూరు గ్రాములకు మిల్లీగ్రాముకు అటూ ఇటూగా ఉండే ఇనుము తెల్లబియ్యంలో మూడింట రెండు వంతులకు తగ్గడానికి ఇదే కారణం. అయితే తవుడుతో తిన్నా దానిలోని ఫైటిక్ ఆమ్లం మన పేగుల్లో ఇనుమునూ జింకునూ పట్టి ఉంచి, ఒంటికి పట్టకుండా కొంత అడ్డుపడుతుంది. దంపుడు బియ్యం తింటే రక్తహీనత దానంతటదే తగ్గిపోతుందని చెప్పడానికి వీలులేనిది ఇందుకే.

గింజకు ఖనిజాలు ఎప్పుడు చేరుతాయన్నదీ తక్కువ విషయం కాదు. గోధుమలో ముసలివైపోతున్న ఆకుల నుంచి వెనక్కి తీసిన నిల్వల మీద గింజ ఎక్కువగా ఆధారపడుతుంది. క్రిస్టోబల్ ఉవాయీ, హోర్హే దుబ్కోవ్‌స్కీ తదితరులు 2006లో అడవి గోధుమలో గుర్తించిన ఒక జన్యువు ఆకులను త్వరగా పండించి, వాటిలోని ప్రొటీను, ఇనుము, జింకులను గింజకు తరలిస్తుంది. ఆ జాతి జన్యువులను అణచివేసిన గోధుమలో ఆకులు మూడు వారాలకు పైగా ఆలస్యంగా పండగా, గింజలోని ఈ మూడూ 30 శాతానికి మించి తగ్గాయి. వరి మరో తీరుది: నేలలో జింకు అందుబాటులో ఉంటే, గింజ పాలుపోసుకునే దశలో కూడా వేళ్లు జింకును తీసుకుంటూనే ఉంటాయి. మన ప్రాంతంలో జింకు లోపమున్న మడికి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును, భాస్వరం ఎరువుతో కలపకుండా, దమ్ములో వేయమనీ, పైరు మీద లోపం కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయమనీ చెప్పే సలహా దిగుబడిని కాపాడడానికి ఉద్దేశించినది. గింజలో జింకు పెరగాలంటే మాత్రం పూత తరువాత, పాలు పోసుకునే దశలో ఆకుల మీద చల్లినది ఎక్కువ పనిచేస్తుందని తుర్కియేలో ఇస్మాయిల్ చక్మక్ గోధుమ మీద మొదలుపెట్టిన పరిశోధనలు, ఆ తరువాత వరి మీద జరిగినవీ చూపించాయి. ఆ రెండో పిచికారీకి దిగుబడి పెద్దగా పెరగదు, ధరా పెరగదు. ఖర్చు రైతుది, లాభం తినేవారిది అయినప్పుడు ఆ ఖర్చును రైతు ఒక్కడి మీదే వదిలేయడం న్యాయం కాదు.

విత్తనంలోనే మార్పు తేవడం ఇంతకంటే నిలకడైన మార్గం. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ నుంచి 2016లో వచ్చిన డీఆర్ఆర్ ధాన్ 45 అనే రకం తెల్లబియ్యంలో కిలోకు 22.6 మిల్లీగ్రాముల జింకు ఉంటుంది. మామూలు రకాల్లో ఉండే దానికి ఇది దాదాపు రెట్టింపు. ఇనుము విషయంలో సంప్రదాయ సంకరణం ఇంత దూరం తీసుకుపోలేకపోయింది, ఎందుకంటే తెల్లబియ్యంలో మిగిలే ఇనుములో రకానికీ రకానికీ తేడా చాలా తక్కువ. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ బృందం నికోటియానమిన్‌ను ఎక్కువగా తయారుచేసే వరి జన్యువునూ, ఇనుమును దాచే సోయా చిక్కుడు ప్రొటీను జన్యువునూ కలిపి వరిలో చేర్చినప్పుడు, పొలంలో పెంచిన మొక్కల తెల్లబియ్యంలో కిలోకు 15 మిల్లీగ్రాముల ఇనుము, 45 మిల్లీగ్రాములకు పైగా జింకు నమోదైనట్లు 2016లో ప్రకటించారు. నడిపించే తోడునూ, నిల్వ ఉంచే గాదెనూ రెంటినీ పెంచితే అంకురచ్ఛదంలోకి ఇనుమును ఎక్కువగా చేర్చవచ్చని దీనివల్ల రుజువైంది.

సజ్జకు ఈ కష్టం లేదు. అది పాలిష్ పట్టకుండా తినే ధాన్యం, పైగా రకాల మధ్య తేడా ఎక్కువ. ఇక్రిశాట్ సహకారంతో వచ్చిన ధనశక్తి అనే సజ్జ రకంలో కిలోకు 71 మిల్లీగ్రాముల ఇనుము, 40 మిల్లీగ్రాముల జింకు ఉన్నాయి. కొత్త సజ్జ రకం ఏదైనా విడుదల కావాలంటే కిలోకు కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింకు ఉండి తీరాలని 2018లో దేశంలో నియమం పెట్టారు. బియ్యం బజారులో మాత్రం ధర నేటికీ గింజ సన్నదనాన్నీ తెల్లదనాన్నీ బట్టే పలుకుతున్నది.